గొలుసు రంపపు ఇంజను మరమ్మతు: గాలి లీకు పరీక్ష

సరుగుడు, జామాయిల్ తోటల కోతలో వాడే గొలుసు రంపాల పిస్టన్ పట్టివేసినపుడు కొత్త పిస్టన్ అమర్చడం ఒక్కటే చాలదు. క్రాంకు సీలు అరిగితే బయటి గాలి చొరబడి ఇంధన మిశ్రమం పలుచబడుతుంది. రెండు స్ట్రోకుల ఇంజనుకు కందెన నూనె ఆ మిశ్రమంతోనే అందుతుంది కనుక కొత్త పిస్టన్ సైతం గీరుకుపోతుంది.

కార్బురేటరు, సైలెన్సరు తీసి ఆ ద్వారాలను రబ్బరు పలకలతో మూసి, చవకైన చేతిపంపుతో సుమారు 0.5 బార్ ఒత్తిడి ఎక్కించి సబ్బునీరు పూయాలి. బుడగలు లేచిన చోట లీకున్నట్లు. అయితే లోపలి ఒత్తిడికి సీలు అంచు మరింత బిగుసుకుంటుంది; అందువల్ల శూన్య పరీక్షను వదలరాదు.

సీలు మార్చడానికి క్లచ్‌ను సాధారణంగా సవ్యదిశలో తిప్పి ఊడదీయాలి. పిస్టన్ పొగ ద్వారాన్ని దాటి మూసిన తరువాత, ప్లగ్గు రంధ్రంలో దూర్చిన నైలాన్ తాడే దానిని ఆపుతుంది.