బొకే వెళ్లింది, పలుకు రాలేదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్యాకింగ్ అట్టపెట్టెల యూనిట్ నడుపుతున్నాను. ఏటా దసరాకి క్లయింట్లకు బొకేలు పంపిస్తాం. ఒక్కరూ ఫోన్ చేయరు. ఈసారి జర్మనీ కంపెనీకీ పంపాలి. పూలు మానేయమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: మానేయకండి, రోజు మార్చండి. దసరాకి ఏ ఆఫీసు చూసినా గుమ్మానికి బంతిపూలు, రిసెప్షన్ బల్ల మీద గుట్టగా బొకేలు. వరుస సెలవులు ముగిసేసరికి జెర్బెరాల తలలు వాలిపోతాయి, రిబ్బన్‌కి కట్టిన విజిటింగ్ కార్డు తడిసి అక్షరాలు అలికినట్టు అవుతాయి. పంపిందెవరో కూడా తెలియదు.

క్లయింటు కొత్త యూనిట్ తెరిచిన రోజో, మీ మొదటి ఆర్డరుకి ఏడాది నిండిన రోజో ఎంచుకోండి. ముందురోజు ఫోన్ చేసి ఆ మనిషి సీట్లో ఉంటారో లేదో కనుక్కోండి. కార్డు మీద పేరు, రెండు వాక్యాలు మీ చేత్తోనే రాయండి. బొకే కన్నా అదే ఎక్కువకాలం నిలుస్తుంది.

ఆర్కిడ్లు ఎక్కువ రోజులు వాడవు. పళ్లబుట్టతో కలిపి మాత్రం పంపొద్దు. మాగే పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు కార్నేషన్ల వంటి పూలను త్వరగా వాడ్చేస్తుంది.

జర్మనీకి తెల్ల చామంతులు, తెల్ల లిల్లీలు వద్దు. అక్కడవి అంత్యక్రియల పూలు. క్లయింటు ఉండే ఊరి పూలకొట్టుకే ఆర్డరివ్వండి.

క్లయింటు ప్రభుత్వ సంస్థ అయితే వారి కానుకల నిబంధనలు ముందే అడగాలి. ఒకరికే ఏడాదిలో ఇచ్చే కానుకల విలువ 20,000 రూపాయలు దాటుతుంటే టీడీఎస్ సంగతి మీ ఆడిటర్‌ని నేరుగా కలిసి తేల్చుకోండి.