రిజిస్టర్ ముందు, సర్టిఫికెట్ తర్వాత

ఉరవకొండ నుంచి అనంతపురం సుమారు 50 కిలోమీటర్లు. ఉరవకొండ, వజ్రకరూరు, విడపనకల్లు, బెళుగుప్ప మండలాల పీహెచ్‌సీల్లో, సబ్‌సెంటర్లలో పనిచేసే స్టాఫ్ నర్సుకో, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ (సీహెచ్‌వో)కో, ఫార్మసిస్టుకో పై చదువు చదవాలనిపిస్తే ఉద్యోగానికి సెలవు పెట్టి నగరానికి వెళ్ళడం జరిగే పని కాదు. అందుకే పబ్లిక్ హెల్త్ మేనేజ్‌మెంట్‌లో ఆన్‌లైన్ శిక్షణ అనగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. చేరాలా వద్దా అంటే నా జవాబు: చేరండి, కానీ చేతిలో ఒక రిజిస్టర్ ఉన్నప్పుడే. క్షేత్రంలో అడుగుపెట్టకుండా, డిగ్రీ అయిపోయింది కదా అని ఖాళీగా ఉండలేక ఈ సర్టిఫికెట్ కొనుక్కోవడం, విత్తనం లేకుండా గొర్రు కట్టినట్టే. ఎద్దులు అలసిపోతాయి, మొలక రాదు.

అసలు ఈ చదువు దేని గురించో చూద్దాం. వైద్యం చేయడం వేరు, వైద్యం మనిషి దాకా చేరేలా చూడడం వేరు. రెండోదానికి మన జిల్లాలోనే పాఠాలున్నాయి. బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు గారపట్టి, కీళ్ళు బిగుసుకుపోయిన గ్రామాలకు మాత్రలు పరిష్కారం కాలేదు. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది పరిమితి. ఆ నీళ్ళే తాగుతుంటే ఏ డాక్టరైనా చేయగలిగింది తక్కువ. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్ళకు పైపులు వేసింది. ఆ పైపు వెనక పంపు, పంపు వెనక కరెంటు, కరెంటు వెనక రోజువారీ నిర్వహణ, జీతాలు, మరమ్మతులు. జబ్బును ఆపేది ఈ గొలుసే. ఆరోగ్యశ్రీ కూడా 2007 ఏప్రిల్‌లో తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. దాన్ని నిలబెట్టింది శస్త్రచికిత్సలు చేసిన చేతులతో పాటు ఏ ఆస్పత్రికి ఏ కేసు పంపాలి, ఏ బిల్లు ఆమోదించాలి, ఎవరు ఎక్కడ మోసం చేస్తున్నారు అని లెక్క చూసేవాళ్ళు. ఈ పనికి శిక్షణ కావాలి. మన నర్సింగ్, ఫార్మసీ సిలబస్‌లలో దానికి దక్కే చోటు చాలా తక్కువ.

ఇప్పుడు రిజిస్టర్ సంగతి. తొలకరి పడగానే వజ్రకరూరు పొలాల్లో వంగి వజ్రాలు వెతికేవాళ్ళను చూస్తే, ఆ ఎర్రమట్టిలో వాళ్ళకు ఏం కనిపిస్తుందో కొత్తవాళ్ళకు అర్థం కాదు. టీకాల రిజిస్టర్ కూడా అంతే. ఊహకు ఒక సబ్‌సెంటర్ అంకెలు తీసుకుందాం. పెంటావాలెంట్ టీకా మొదటి డోసు, అంటే 6 వారాలప్పుడు వేసేది, ఏడాదిలో 60 మంది పిల్లలకు పడింది. 14 వారాలప్పుడు వేసే మూడో డోసు 51 మందికే పడింది. తొమ్మిది మంది జారిపోయారు, అంటే 15 శాతం. పది శాతం దాటితే ఎక్కడో లోపం ఉందని ప్రజారోగ్య శాస్త్రం చెబుతుంది. ఆ తొమ్మిది పేర్ల పక్కన ఊళ్ళు, నెలలు రాసి చూడండి. వేరుశనగ పోయి, బెంగళూరుకు పనికి వెళ్ళే రోజుల్లోనే పేర్లు జారిపోతున్నాయనుకోండి, అప్పుడు తప్పు తల్లులది కాదు, మన టీకాల క్యాలెండర్ వలస క్యాలెండర్‌ను పట్టించుకోవడం లేదని తేలుతుంది. చేయాల్సిన పని కూడా మారుతుంది. అవగాహన సదస్సు మానేసి, వెళ్ళేముందు కార్డు చేతికిచ్చి, అక్కడ ఏ ఆస్పత్రికి వెళ్ళాలో చెప్పి పంపడం, తిరిగొచ్చిన వారం జాబితా చూసుకోవడం. మంచి కోర్సు నేర్పేది ఈ చూపు. ఈ రిజిస్టర్ చేతిలో లేనివాడికి అది ఒక ఫార్ములాగా మిగులుతుంది, పరీక్ష రాశాక మరిచిపోతాడు.

తెరమీద చూసి నేర్చుకుంటే వంటబడుతుందా అన్నది న్యాయమైన సందేహమే. 2008లో జామా పత్రికలో ఆరోగ్య వృత్తుల వాళ్ళకు ఇంటర్నెట్ ద్వారా ఇచ్చిన శిక్షణ మీద జరిగిన 201 అధ్యయనాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. ఏ శిక్షణా లేకపోవడంతో పోలిస్తే ఫలితం బాగా ఎక్కువ, తరగతి గదితో పోలిస్తే ఇంచుమించు సమానం అని తేలింది. కాబట్టి తెర అసలు సమస్య కాదు. అసలు సమస్య చివరిదాకా వెళ్ళకపోవడం. హార్వర్డ్, ఎంఐటీల ఉచిత కోర్సుల లెక్కలు 2019లో సైన్స్ పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరిన వంద మందిలో పూర్తిచేసినవాళ్ళు ముగ్గురే. డబ్బు కట్టి, సర్టిఫికెట్ కోసం నమోదైనవాళ్ళలో మాత్రం 46 శాతం. ఉచితం కదా అని నాలుగింటిలో చేరి దేన్నీ ముగించనివాడికంటే, వెయ్యి రూపాయలు కట్టి ఒకదాన్ని ముగించినవాడు ముందుంటాడు. స్వయం వేదికలో ఎన్‌పీటీఈఎల్ కోర్సులు ఈ పద్ధతిలోనే నడుస్తాయి. పాఠాలు వినడానికి ఫీజు లేదు. పరీక్షకు 1000 రూపాయలు కట్టి, కేంద్రానికి స్వయంగా వెళ్ళి రాయాలి. అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం మార్కులు. చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ ఆరోగ్య పరిశోధన మౌలికాంశాల కోర్సును ఈ వేదిక మీదే ఇచ్చింది. మొదటి మెట్టుగా అది మేలు.

'ప్రజారోగ్యం ఊళ్ళో నేర్చుకోవాలి, ఫోన్‌లో కాదు' అని పాతతరం మెడికల్ ఆఫీసర్లు కొందరు అంటారు. వాళ్ళ మాటలో సగం నిజముంది. ఉరవకొండలో కొండకింద మగ్గం గుంతలో రోజంతా కూర్చునే నేతన్న నడుమునొప్పి వీడియోలో తెలియదు. కానీ ఆ మగ్గాల వీధిలోనే రోజూ తిరిగే ఏఎన్‌ఎంకు కొరవడేది వీధి కాదు, చూసినదాన్ని లెక్కలోకి, లెక్కను నిర్ణయంలోకి మార్చే పద్ధతి. అది ఫోన్‌లో దొరుకుతుంది. క్షేత్రం లేనివాడికి మాత్రం ఆ పెద్దల అభ్యంతరం అక్షరాలా వర్తిస్తుంది. అందుకే నేను రిజిస్టర్ షరతు పెట్టింది.

విలువ సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. సర్టిఫికెట్, డిప్లొమా, డిగ్రీ మూడూ ఒకటి కావు. ఇగ్నో హాస్పిటల్ అండ్ హెల్త్ మేనేజ్‌మెంట్‌లో పీజీ డిప్లొమా ఇస్తుంది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, ఢిల్లీలోని జాతీయ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థ దూరవిద్యా కోర్సులు నడిపిన అనుభవం ఉన్నవి. ఫేస్‌బుక్ ప్రకటనలో కనిపించిన 'అంతర్జాతీయ గుర్తింపు' వీటికి సాటిరాదు. పైగా 2025 ఆగస్టులో యూజీసీ, 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికి వచ్చే కోర్సులను, సైకాలజీ సహా, ఆన్‌లైన్‌లోనూ దూరవిద్యలోనూ నడపొద్దని విశ్వవిద్యాలయాలకు చెప్పింది. ఫీజు కట్టేముందు యూజీసీ దూరవిద్యా బ్యూరో జాబితాలో ఆ కోర్సు పేరు, ఆ సంవత్సరం ఉన్నాయో లేదో చూసుకోండి. ఏజెంటు మాట నమ్మి అరలక్ష పోగొట్టుకోవద్దు.

ఇక ఉద్యోగం. ఈ కోర్సు చదివితే ఉద్యోగం గ్యారంటీ అన్నవాళ్ళను నమ్మకండి. నేషనల్ హెల్త్ మిషన్ జిల్లా యూనిట్లలో ప్రోగ్రాం అధికారులు, డేటా మేనేజర్లు, ఎపిడెమియాలజిస్టుల పోస్టులు చాలావరకు కాంట్రాక్టువే. అయినా ఈ దారి మూసుకుపోయేది కాదు. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చినప్పుడు అనంతపురం ఆ ప్రెసిడెన్సీలోనే ఉంది. తమిళనాడు ఆ వారసత్వాన్ని ప్రత్యేక డైరెక్టరేట్‌గా, ప్రత్యేక కేడర్‌గా నిలుపుకుంది, పైస్థాయి పోస్టులకు ప్రజారోగ్య అర్హత అడుగుతుంది. మనం ఆ పని చేయలేదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రతి రాష్ట్రంలో అలాంటి కేడర్ ఉండాలంది, 2022లో కేంద్రం దానికి మార్గదర్శకాలూ ఇచ్చింది. రాష్ట్రం ఆ కేడర్ తెచ్చిన రోజున, పదేళ్ళ క్షేత్రానుభవంతో పాటు ఆ అర్హత చేతిలో ఉన్న సీహెచ్‌వో కొత్త పట్టభద్రుడికంటే ముందు నిలబడాలి. చివరగా ఒక మాట: పాఠాలు ఇంగ్లిష్‌లో ఉంటాయని భయపడేవాళ్ళు మొదటి నెల పాఠంలోని పదాలను తెలుగులో నోట్సు రాసుకుంటే చాలు. కొన్ని పదాలే మళ్ళీ మళ్ళీ వస్తాయి.

దరఖాస్తు నింపే ముందు ఒక పని చేయండి. వచ్చే బుధవారం టీకాల సెషన్ అయ్యాక మీ సెంటర్ గత ఏడాది పెంటావాలెంట్ మొదటి, మూడో డోసుల అంకెలు తెల్లకాగితం మీద రాసుకోండి. ఆ తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోవాలన్న దురద పుడితే, కోర్సులో చేరండి.