ట్యాబ్‌పై అక్షరాలు దిద్దించవచ్చా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు, ఎల్‌కేజీ. బడిలో ట్యాబ్‌పై అక్షరాలు దిద్దిస్తున్నారు. ఇంట్లోనూ ఒకటి కొనమంటారా?

జవాబు: అక్కర్లేదమ్మా. ఈ వయసు పిల్లలు తెర ముందు కదలకుండా కూర్చునే సమయం రోజుకు గంట మించకూడదని, తగ్గితే ఇంకా మంచిదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. బడిలో గడిపేదీ ఆ గంటలోకే వస్తుంది. తెరపై వేలు ఊరికే జారిపోతుంది. పలకపై అయితే బలపాన్ని ఒత్తి పట్టుకుని ‘అ’ చుట్టాలి. వేళ్లకు పట్టు అలాగే వస్తుంది. ఆటలకు మీ ఫోన్ చాలు. ఎక్కడ నొక్కినా చప్పట్లు కొట్టేవి, మధ్యలో ప్రకటనలు వచ్చేవి తీసేయండి. పక్కనే కూర్చోండి. ఏనుగు బొమ్మ వస్తే ‘‘తొండంతో ఏం చేస్తుంది?’’ అని అడిగి, పాపను మాట్లాడనివ్వండి. బడిలో ట్యాబ్ ఎంతసేపు ఇస్తున్నారో టీచర్‌ను ఈ వారమే అడగండి.