ఇంటింటి శబ్దగ్రహణము

ఒకప్పుడు తణుకులో చక్కగా పాడగలవాని గొంతు గ్రామఫోను ప్లేటుపై కెక్కవలెనన్న, అతడు రైలెక్కి మదరాసు పోవలసి యుండెను. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన పిమ్మట దూరము కొంత తగ్గెను గాని, స్టూడియో తలుపు అందరికిని తెరచుకొనునది కాదు. అందలి యంత్రములకన్న వానిని నడుపు నేర్పు మఱింత దుర్లభము. ప్రక్కన నిలిచి చూచినవారికే అది యబ్బెడిది.

అమెరికాలో లెస్ పాల్ అను గిటారు విద్వాంసుడు తన ఇంటి కారుషెడ్డులోనే, వాయించినదానిపై మఱల వాయించుచు, ఎనిమిది గిటారుల వాద్యమును తానొక్కడే సమకూర్చి 1948లో రికార్డుగా వెలువరించెను. జపానుకు చెందిన టియాక్ సంస్థ 1979లో మామూలు కాసెట్టుపై నాలుగు వాద్యములను వేఱువేఱుగా గ్రహించు చిన్న యంత్రమును చేసెను. 2000 సంవత్సరమున ఆడాసిటీ అను ఉచిత సాఫ్ట్‌వేరు వచ్చెను. ఇంటి కంప్యూటరే ఇప్పుడు స్టూడియో.

యంత్రము చౌకయైనను నేర్పు అంగడిలో దొరకదు. దానిని పాడువారును, వాయించువారును ఇంటర్నెట్టు ద్వారా ఒకరికొకరు చెప్పుకొనిరి. తణుకులో నొక గాయకుడు తన గదిలో పాడి వినుకొనగా, గొంతు కుండలోనుండి వచ్చినట్లు తోచినదనుకొందము. మైకు మంచిది కాదని అతడు తలచును. అతడెన్నడును చూడని మఱియొక వాద్యకారుడు, “మీరేమియు కొననక్కఱలేదు. గది నడుమ నిలిచి ఒకసారి చప్పట్లు కొట్టి వినుడు” అని వ్రాయును.

ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. పదియడుగుల గది నడుమనుండి బయలుదేరిన ధ్వని నున్నని గోడను తాకి, సెకనులో నూఱవ వంతు గడువకముందే మఱలి వచ్చును. అది ప్రతిధ్వనిగా వేఱుగ వినబడదు. అసలు గొంతుతో కలిసి దానిని చెఱచును. గాయకుని వెనుక రెండు బొంతలు వ్రేలాడగట్టి, మైకును నోటికి జానెడు దూరమున నుంచినచో ఈ దోషము చాలవఱకు తగ్గును. మృదంగపు ఎడమవైపు మ్రోతకు మాత్రము బొంతలు చాలవు. అంతకన్న దళసరియైన అడ్డు కావలెను. ఫ్యాను కూడ ఆపవలెను. తణుకు వేసవిలో ఇది యొక తపస్సు!

ఇట్లు చెప్పుకొను మాటలన్నియు నిజములు కావు. గోడలకు గ్రుడ్ల అట్టలు అంటించిన వీధిచప్పుడు ఆగునని పలువురు నమ్మిరి. కోళ్లఫారములు మెండుగా గల ఈ ప్రాంతమున అట్టలకు కొదవ లేదు. కాని తేలికయైన కాగితపు అట్ట లారీమ్రోతను ఆపజాలదు. అది తలుపుసందులనుండియు, కిటికీలనుండియు యథాప్రకారము వచ్చును. ఈ భ్రమను తొలగించుటకు వాదము పనికిరాదు. అట్టలకు ముందొకసారి, తరువాత నొకసారి గ్రహించిన ధ్వనులను ప్రక్కప్రక్కన వినిపించిన చాలును. అందుచేతనే తెలిసినవారు మాటతోపాటు ధ్వనిని కూడ పంపుమని అడుగుదురు.

కొల్లేటి పల్లెలలో నాట్లపాటలు నేర్చిన ముదుసళ్లు స్టూడియోలకు రాలేరు. మఱల మఱల పాడు ఓపికయు వారికుండదు. ఈ నేర్పు నెఱిగిన మనుమలు ముందుగా ఫ్యాను నాపి, ఒక నిమిషము వట్టి నిశ్శబ్దమును గ్రహించి విని, గదిలో ఏ మ్రోతయు లేదని తెలిసికొన్న పిదపనే, “అమ్మమ్మా! ఇక పాడు” అందురు.