ఎర్ర కుందేలు ఏ డబ్బలకు పోవాలె?

చెల్లె, నీ బిడ్డ అంగన్‌వాడిల తండా పిల్లలతోని ఆడి లంబాడి మాటలు నేర్సుకొస్తున్నదని, రెండు భాషలైతే ఆగమైతదని ఎవరో అంటే బెంగ పెట్టుకున్నవట. మన లింగాల ఘనపూర్ దిక్కు ఇది కొత్త ముచ్చటనా? జనగామ నుంచి మహబూబాబాద్ దాకా తండా పిల్లలు ఇంట్ల లంబాడి, బయట తెలుగు మాట్లాడుకుంటనే పెరుగుతున్నరు. వాళ్లేం ఆగమైండ్రు?

రెండు భాషల సంగతి సమజయ్యేటందుకు నీకొక ఆట చెప్త. ఫిలిప్ జెలాజో అనే సైకాలజిస్టు 1990లల్ల చిన్నపిల్లలతోని ఆడిపిచ్చిన కార్డులాట. రెండు డబ్బలుంటయ్. ఒకదాని మీద ఎర్ర పడవ బొమ్మ, ఇంకోదాని మీద నీలం కుందేలు. పిల్ల చేతికి ఎర్ర కుందేళ్లు, నీలం పడవలున్న కార్డులిచ్చి, రంగును బట్టి ఎయ్యమంటరు. ఎర్ర కుందేలును ఎర్ర పడవ డబ్బల టకటకా ఏస్తది. జరసేపైనంక, ‘రంగు ఆట అయిపోయింది, ఇగ బొమ్మను బట్టి ఎయ్యి’ అంటరు. తమాషా అంత గిక్కడనే. కుందేళ్లు ఏ డబ్బలకు పోవాలె అని అడిగితే మూడేండ్ల పిల్ల నీలం కుందేలు దిక్కే ఏలు సూపిస్తది. కార్డు చేతికిస్తే మాత్రం మల్ల ఎర్ర పడవ డబ్బల్నే ఏస్తది! తెల్వక గాదు, ముందుగాల పట్టిన లెక్క ఇడువబుద్ధి గాదు. నాలుగైదేండ్లు నిండేసరికి శానమంది పిల్లలకు లెక్క మార్చుడు అలవడుతది.

1999ల టొరంటోల యార్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎలెన్ బియాలిస్టాక్ ఇదే తీరు ఆటను చైనీస్, ఇంగ్లిష్ రెండూ వచ్చిన పిల్లలతోని, ఒక్క ఇంగ్లిషే వచ్చిన పిల్లలతోని ఆడిపిచ్చింది. లెక్క మార్చుడుల రెండు భాషల పిల్లలే ముందున్నరు. ఒక భాషను ఆపి ఇంకోటి బయటికి తీసుడు వాళ్లకు రోజూ ఉండే పనేనాయె. అట్లని సంబురపడకు. 2019ల అమెరికాల తొమ్మిది, పదేండ్ల పిల్లలను నాలుగున్నర వేలకు పైగా మందిని సూస్తే అసొంటి లాభమేం కనవడలే. నన్నడిగితే, తెలివి పెరుగుతదని మూడేండ్లకే ఫీజు కట్టి ఇంగ్లిష్ బడికి తోలుడు దండుగ. ఆగమైతదని ఒక భాష మాన్పిచ్చుడు అంతకన్న అన్యాలం.

నాకు కోపమొచ్చేది ఇంకో కాడ. ఆవు, కోడి, గడ్డి బొమ్మలు ముందటేసి ఏవి రెండు జత అంటే తండా పిల్ల ఆవు పక్కన గడ్డి పెడ్తది. ఆవు, కోడి జీవాలు గద, తప్పు అనేస్తరు. పసులున్న ఇంటి పిల్లకు గడ్డి గాక ఇంకేం యాదికొస్తది? ఎందుకట్ల పెట్టినవ్ బిడ్డా అని అడగాలె. లంబాడిల చెప్తే సమజయ్యేటోల్లు ఉండాలె. ఉమ్మడి రాష్ట్రంల 2004ల ఎనిమిది గిరిజన భాషల్ల బడి చదువు మొదలువెట్టిండ్రు, బంజారా, అంటే మన లంబాడే, అండ్ల ఒకటి. అంగన్‌వాడి ఈడు పిల్లలకైతే అది ఇంకింత అవుసరం.

ఆ లెక్క మార్చే ఆట నువ్వు ఇంట్ల ఆడిపిస్తానంటే కార్డులేం కొనకు. ఎర్రయి, పచ్చయి, పెద్దయి, చిన్నయి గాజులు కుప్ప పొయ్యి. ముందు రంగుతోని, తర్వాత సైజుతోని ఏరుమను. తప్పేస్తే గద్దించకు, నడిమిట్ల బిడ్డ లంబాడిల లెక్కపెట్టినా ఆపకు. ప్లాస్టిక్ గాజులే ఇయ్యి, పగిలేటియి వద్దు. కందులు, పెసర్లు అసలే ఇయ్యకు, ముక్కుల దోపుకుంటరు.