నిలువ నీడ లేనివారు

ఇల్లు లేనివాడనగానే మనలో పలువురికి బిచ్చగాడు స్ఫురించును. ఇది సరికాదు. మూటలు మోయువారు, రిక్షా త్రొక్కువారు, పూలు కట్టి అమ్ముకొనువారు పగలెల్ల కష్టపడి రాత్రి కాలిబాటపై పరుండుట చెన్నపట్టణమున నిత్యము చూచుచున్నదే. నగరపు ఉత్తర భాగమున తరతరములుగా కాలిబాటమీదనే కాపురము చేయు కుటుంబములు గలవు. 2011 జనాభా లెక్కలలో దేశమంతట ఇట్టివారు 17 లక్షలకు పైబడిరి.

మన పూర్వులెరిగిన ఉపాయము సత్రము. 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మొదట చేరినది మన పొరుగుననున్న మాధవరమే. వారి యాత్రాచరిత్రలో దారి పొడవున సత్రముల ప్రసక్తియే. అయితే సత్రము బాటసారికొరకు ఏర్పడినది. అతనికెక్కడనో ఇల్లు కలదు. రెండు పూటలుండి పోవును. ఇల్లే లేనివాడు ఎక్కడికి పోవును? భవనమొకటి కట్టి చాపలు పరచినచో పని తీరునని తలచువారు ఈ భేదమును గమనింపరు.

రాయపురమువైపునగల మణియకారు సత్రము ఇందుకు మంచి పాఠము. 1782 కరువులో గంజి పోయుటకై అది వెలసినది. వచ్చినవారిలో రోగులుండుటచే 1799లో అక్కడ వైద్యమును ప్రారంభించిరి. అదియే పెరిగి పెరిగి స్టాన్లీ ఆసుపత్రియైనది. ముసలివారు దానిని గంజితొట్టి ఆసుపత్రి యనుట మీరు వినియేయుందురు. గంజికి వచ్చినవానికి ఇంకేమి కావలెనో చూచినవారి పని అట్లు సాగినది.

నేటి సంగతికి వత్తము. లక్ష జనాభాకొక ఆశ్రయశాల, అందు నూరుగురికి చోటు, ఏడాది పొడవున రేయింబవళ్లు తలుపులు తెరచియుండవలెనని నియమము. సుప్రీము కోర్టు 2010లో ఇచ్చిన ఉత్తరువులే దీనికి మూలము. చెన్నైలో కార్పొరేషను స్వచ్ఛంద సంస్థలచే వీనిని నడపించుచున్నది. కాని పురుషులకొకటి, స్త్రీలకొకటియైనచో సంసారి యేమి చేయును? తండ్రి ఒకచోట, తల్లీపిల్లలు మరొకచోట, వంటపాత్రలు వీధిలోనా? అందుచే కాలిబాటయే మేలనుకొందురు. పోనీ ఇల్లే ఇచ్చిరనుకొందము. కణ్ణగినగరు, పెరుంబాక్కము మన పేటకు ఇరువది కిలోమీటర్లకు పైగా దూరము. ఇల్లు దొరకును, కూలి పోవును; పిల్లవాని బడి నడుమ తెగిపోవును. కావున పని దొరకు చోటికి దగ్గరగా, కుటుంబమంతయు ఒక్కచోట నుండునట్లు, తాళము వేసికొన వీలున్న గది ముఖ్యమని మా యభిప్రాయము.

ఇండ్లు కట్టుట మన సంఘమునకు శక్యము కాదు. మన చేతిలోనున్నది బడి. వయసు రుజువు లేదని పిల్లవానిని చేర్చుకొనకపోరాదని 2009 విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. 2014లో సుప్రీము కోర్టు మైనారిటీ పాఠశాలలకు ఆ చట్టము వర్తింపదన్నది. (దానిని తిరిగి విచారింపవలెనని 2025లో ఆ న్యాయస్థానముననే ఇరువురు న్యాయమూర్తులు తలచిరి.) చట్టము నిర్బంధింపదు గనుక మనము ఊరకుండవచ్చునా?

"వారు మనవారు కారు గదా" యని కొందరు తల్లిదండ్రులు మాతో ననిరి. మిల్లు పనికి, రైలు పనికి ఈ పేటకు వచ్చిన మన పెద్దలలో ఎందరు తొలిరోజులలో ఇతరుల వసారాలలో తలదాచుకొనిరో ఇంటిలో అడిగి చూడుడు. పేలు, మురికి, చెడుమాటలు అంటునను భయమును గూడ మేము తేలికగా తీసివేయము. బడిలో స్నానపుగది యున్నది. మాటలు ఉపాధ్యాయుల పని.

తరగతికి రెండు స్థానములు విలాసమడుగక ఇయ్యవలెనని, రాత్రి ఎనిమిది వరకు దీపము, చదువుకొన చోటు ఉంచవలెనని, వానకు తడియకుండ వారి పుస్తకములు దాచుటకొక బీరువా కొనవలెనని జూన్ నెల తల్లిదండ్రుల సభలో ప్రతిపాదించెదము. బీరువా వెల ఎంతయో విచారించుచున్నాము.