తొడుక్కొనే పడవ

పడవను ఎక్కుతాం, దిగుతాం. ఏరు దాటించే నాటుపడవైనా, సముద్రం మీద సాగే ఓడైనా మనిషిని మోసే వాహనమే. ఎక్కినవాడు పొడవా, పొట్టా అన్న పట్టింపు దానికి లేదు. కయాక్ అనే చిన్న పడవ ఇందుకు భిన్నమైనది. దీనిలో మనిషి కాళ్లు ముందుకు చాచి, ఇంచుమించు నీటిమట్టంలోనే కూర్చుంటాడు. పడవ పైభాగమంతా మూసి ఉంటుంది. నడుము పట్టేంత రంధ్రం మాత్రమే మధ్యలో ఉంటుంది. ఆ రంధ్రపు అంచుకూ నడుముకూ మధ్య నీరు చొరని వస్త్రాన్ని బిగించిన తరువాత మనిషి ఎక్కడ ముగిసి, పడవ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. అందుచేత దీనిని ఎక్కే పడవ అనడం కంటె తొడుక్కొనే పడవ అనడమే సముచితం. రెండు చివరలా పలకలున్న తెడ్డుతో కుడి ఎడమల మార్చి మార్చి నీటిని వెనుకకు తోస్తూ దీనిని నడుపుతారు.

కయాక్ పుట్టినిల్లు ఉత్తరధ్రువ ప్రాంతం. అక్కడి ఇన్యూట్ ప్రజల భాషలో ఈ మాటకు వేటగాని పడవ అని అర్థం. గ్రీన్లాండ్ తీరంలో పడవకు పనికివచ్చే చెట్లు పెరగవు. సైబీరియా నదులు సముద్రంలోకి చేర్చిన మానులు మంచుతోపాటు కొట్టుకొని వచ్చి ఒడ్డున పడితే, ఆ కలపనే ఏరుకొని చీల్చి సన్నని బద్దలు చేసేవారు. వాటిని మేకులతో కాక తోలుతాళ్లతో, జంతువుల నరాలతో పేనిన దారంతో కట్టేవారు. మేకు కొట్టిన చట్రం అల దెబ్బకు విరుగుతుంది, కట్టిన చట్రం వంగి మళ్లీ నిలుస్తుంది. చట్రం పురుషుల పని. దానిపై సీల్ అనే సముద్రజంతువు చర్మాన్ని తొడిగి కుట్టడం స్త్రీల పని. సూది చర్మాన్ని పూర్తిగా దాటి అవతలికి పోకుండా సగం మందంలోనే దారాన్ని నడిపించే కుట్టు వారిది. ఆ కుట్టులో ఒక్క పోగు వదులైనా సముద్రం మధ్యలో భర్తకో కుమారునికో ప్రాణగండమే. కయాక్ కథ చెప్పేవారు వేటగాని సాహసాన్ని వర్ణించినంతగా ఈ సూదిపనిని వర్ణించకపోవడం న్యాయం కాదు.

ఈ పడవకు కొలబద్ద మనిషి శరీరమే. మన పెద్దలు బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు అని కొలిచినట్లే ఇన్యూట్ ప్రజలూ కొలిచారు. పడవ పొడవు దానిని నడిపేవాని చేతులతో మూడు బారలు. కూర్చునే చోట వెడల్పు అతని తుంటి వెడల్పుకు రెండు పిడికిళ్లు అదనం. లోతు ఒక పిడికిలి, దానిపై నిలువుగా చాచిన బొటనవేలు. ఈ లెక్కన తయారైన పడవ అయిదు మీటర్లకు పైగా పొడవుండి, అర మీటరు వెడల్పు మాత్రమే ఉంటుంది. ఒక మనిషి దానిని ఎత్తుకొని నడవగలడు. అయితే ఒకని కొలతకు చేసిన పడవ మరొకనికి సరిపోదు, అన్న చెప్పులు తమ్మునికి సరిపోనట్లే.

ఇంత సన్నని పడవ బోర్లాపడటం వింత కాదు. బోర్లాపడినవాడు అందులోంచి బయటికి వస్తే ఆ మంచునీటిలో కొద్దిసేపటికే కాళ్లుచేతులు మొద్దుబారుతాయి. అందువల్ల పడవను విడువకుండానే, తెడ్డును నీటిపై చాచి ఊపి, తుంటి విసురుతో పడవను తిప్పి మళ్లీ పైకి లేవడం అక్కడివారు అభ్యసించారు. తల చివరగా నీటినుంచి లేవాలి. గాలికోసం ఆత్రపడి తలను ముందు ఎత్తినవాడు మళ్లీ మునుగుతాడు. ఆస్ట్రియాకు చెందిన హాన్స్ ఎడీ పౌలాటా గ్రంథాలలోని వర్ణనలు చదివి, 1927లో ఈ విద్యను సాధించాడు. ఆంగ్లేయ అన్వేషకుడు గీనో వాట్కిన్స్ 1930–31లో గ్రీన్లాండ్ వేటగాండ్ర వద్దనే దీనిని నేర్చుకొన్నాడు. 1932 ఆగస్టులో ఒంటరిగా సీల్ వేటకు వెళ్లిన వాట్కిన్స్ తిరిగి రాలేదు. తలకిందులుగా తేలుతున్న కయాక్ దొరికింది గాని దేహం దొరకలేదు. అప్పటికి అతని వయస్సు 25 సంవత్సరాలు.

సముద్రపు వేటకు పుట్టిన పడవ నదికి ఎలా వచ్చింది? జర్మనీలో ఆల్ఫ్రెడ్ హూరిష్ అనే విద్యార్థి 1905లో మడత పెట్టదగిన కయాక్ చేసి ఇజార్ నదిలో నడిపాడు. ఆ నమూనాను యోహాన్ క్లెపర్ అనే దర్జీ కొని తయారీ ప్రారంభించాడు. బట్టలు కుట్టే చేతులకు ఈ పడవ దక్కడం ముచ్చటైన విషయం. కొయ్యచట్రాన్ని విడదీసి, గుడ్డతొడుగును మడిచి సంచిలో పెట్టుకొని రైలెక్కి, కొండల దగ్గర దిగి, పడవను కూర్చుకొని, నది వెంట రెండుమూడు రోజులు గుడారాలలో రాత్రులు గడుపుతూ ఊరు చేరడం అక్కడి యువకులకు వేడుకైంది.

నేడు చేపలు పట్టడానికి వాడే కయాక్‌ల తీరు వేరు. అవి 75 నుంచి 90 సెంటీమీటర్ల వెడల్పుతో, పైన కూర్చొనే విధంగా ప్లాస్టిక్‌తో తయారవుతాయి. పైకి చేరిన నీరు రంధ్రాల గుండా తనంత తానే దిగిపోతుంది. గాలం వేసేవానికి ఆ నిలకడ అవసరమే; కాని అది మళ్లీ ఎక్కే పడవే అయింది. స్వయంగా చేసుకోదలచినవారికి మరొక మార్గం ఉన్నది. పలుచని ప్లైవుడ్ పలకలను కొలతప్రకారం కోసి, అంచుల వెంబడి చిన్న రంధ్రాలు చేసి, రాగితీగతో కుట్టినట్లు బిగిస్తారు. లోపలి అతుకులను జిగురుతో నింపి, ఫైబర్‌గ్లాస్ పట్టీ అంటించి, గట్టిపడిన తరువాత తీగలను తీసివేస్తారు. కుట్టి పడవ చేయడం మనకూ కొత్త కాదు. కోరమాండల్ తీరంలో అలల తాకిడిని ఓర్చుకొనే మసూలా పడవల పలకలను కొబ్బరినారతోనే కుట్టేవారు.

చట్రానికి చర్మం తొడిగే పద్ధతి కూడా తెలుగు నదులకు సుపరిచితమే. కృష్ణా తుంగభద్రలలో తిరిగే పుట్టి అటువంటిదే. వెదురుబద్దల అల్లికకు పూర్వం తోలు, తరువాత తారు పూసిన గుడ్డ తొడిగారు. విజయనగరాన్ని 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిష్ బుట్టలవంటి ఈ గుండ్రని తోలుపడవలను వర్ణించాడు. సర్వనాశనమైందనడానికి పుట్టి మునిగిందనే నుడికారం మనకున్నది. కయాక్ బాణమైతే పుట్టి పళ్లెం. బాణం తిన్నగా పోతుంది, పళ్లెం గిరగిర తిరుగుతుంది. అయినా పుట్టిలో వల, సామగ్రి, భార్యాబిడ్డలు కూడా పడతారు. కయాక్‌లో ఒక్కడికే చోటు.

నదిలో కయాక్ నడిపేవాడు భుజబలాన్ని నమ్ముకోరాదు. పాదాలను లోపలి ఆనుడుకు తన్ని, నడుమును తిప్పుతూ తెడ్డు వేస్తే గంటల తరబడి అలసట ఉండదు. గుడారం, బియ్యం, వంటపాత్రలు వంటి బరువులను అడుగున, మధ్యకు దగ్గరగా సర్దాలి. చేపలు పట్టేటప్పుడు లంగరు తాడును ముక్కుకో తోకకో కట్టాలి గాని పక్కకు కట్టరాదు. పక్కకు కట్టిన పడవను ప్రవాహం క్షణంలో పల్టీ కొట్టిస్తుంది. నీటిపై కనిపించే గుర్తులను చదవడం మరొక విద్య. నురుగు చేసిన కోణపు మొన దిగువకు చూస్తే అది దారి. ఎగువకు చూస్తే ఆ మొన వద్ద రాయి ఉన్నట్లు. ప్రవాహానికి అడ్డంగా కూలిన చెట్టు రాతికంటె ప్రమాదకరమైనది. కొమ్మల మధ్యనుంచి నీరు పోతుంది, మనిషి పోలేడు. చిన్న ఆనకట్ట ఎగువనుంచి సౌమ్యంగా కనిపిస్తుంది. దాని కింద నీరు వెనుకకు సుడితిరుగుతూ, చిక్కిన పడవనూ మనిషినీ విడువదు. అటువంటిచోట ముందుగానే ఒడ్డుకు చేరి పడవను మోసుకొని పోవాలి. లైఫ్ జాకెట్ పడవకు కట్టుకొనేది కాదు, ఒంటికి తొడుక్కొనేది. ప్రవాహంలో పడినవాడు నిలబడటానికి ప్రయత్నించక, వెల్లకిలా తేలి పాదాలను దిగువకు ఉంచి ఒడ్డుకు జరగాలి. రాత్రి గుడారం వేసినచోట పడవను ఎత్తుగా లాగి కట్టాలి; ఎగువ జలాశయం గేట్లు తెరిస్తే తెల్లవారేసరికి ఇసుకతిన్నె ఉండదు.

గ్రీన్లాండ్‌లో మరపడవలు వచ్చిన తరువాత కయాక్ విద్య క్రమంగా కనుమరుగవుతూ వచ్చింది. దానిని నిలబెట్టడానికి 1985లో అక్కడివారు ఒక సంఘాన్ని స్థాపించుకొన్నారు. ఆ సంఘం జరిపే పోటీలలో బోర్లాపడి లేచే పద్ధతులు అనేకం. తెడ్డు పోయినప్పుడు ఉత్త చేతితో లేవడం వాటిలో ఒకటి. తెడ్డుకు బదులు చేతిలో ఇటుక పట్టుకొని లేవడం మరొకటి.